పళ్ళరసమని చెప్పిన జెల్లీ

తాటిపాక పక్కనున్న నగరం అనే ఊళ్ళో సత్యదుర్గ ఇల్లెక్కడని అడిగితే, కేకులావిడ ఇల్లా అని తిరిగి అడుగుతారు. చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టినరోజులకి కేకులు, రిసెప్షన్లకి పుడ్డింగులు ఆమె వంటగదిలోంచే వెళతాయి. ఆ పని మస్కట్‌లో నేర్చుకుంది. ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి చేరితే, ఆమె పనితనం చూసి అక్కడి పెద్ద వంటాయన స్వీట్లు చేసే వైపుకి మార్చాడు. ఇల్లు కట్టుకునేదాకా అక్కడే ఉండి తిరిగొచ్చింది. ఆమె లేని ఏళ్ళన్నీ కూతుర్ని పెంచింది అత్తగారు వీరాయమ్మ. ఆ పిల్ల ఇప్పుడు కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. భర్త దుర్గారావు సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు మీద పని చేస్తాడు. పొద్దున్న వెళ్ళినవాడు ఈ ఒడ్డుకీ నర్సాపురం ఒడ్డుకీ మధ్య తిరిగి తిరిగి, దీపాలు పెట్టాక గానీ ఇంటికి రాడు.

ఆ డిసెంబరులో మస్కట్ హోటల్ నుంచి మళ్ళీ రమ్మని ఫోన్ వచ్చింది. సత్యదుర్గ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కేకుల పని ఒక నెల ఊపిరి సలపనివ్వదు, ఇంకో నెల పొయ్యి వెలిగించే అవసరం లేకుండా పోతుంది. అత్తగారికీ, భర్తకీ విషయం తెలుసు. ఇద్దరూ ఏమీ అడగలేదు. ఆ అడక్కపోవడమే ఆమెకి కష్టంగా ఉంది.

రాజోలు నుంచి దుర్గాశ్రీ ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. దుర్గాశ్రీ అక్కడ తోటలున్న బాపిరాజుగారి కోడలు. అంతకుముందు ఆ ఇంట్లో రెండు పుట్టినరోజులకి సత్యదుర్గ కేకులే వెళ్ళాయి.

"ముప్పై ఒకటిన మా తోటలో పార్టీ అండి. హైదరాబాద్ నుంచి ఫ్రెండ్స్ వస్తున్నారు. మీరు మస్కట్‌లో జెల్లీ షాట్లు చేసేవారని చెప్పేరు కదా ఒకసారి."

"ఆయ్, చేసేవాళ్ళమండి. కానీ వాటిల్లో మందు కలుస్తుందండి."

"అవే కావాలండి. బాటిళ్ళు మేమే పంపిస్తాం. మా వంటింట్లో ఆ రోజు క్యాటరింగ్ వాళ్ళుంటారు, కాలు పెట్టే చోటుండదు. మీ ఇంట్లోనే చేసి తెచ్చేయండి."

గ్లాసులో పోసుకుని తాగే కాక్‌టెయిళ్ళనే జెల్లీగా గట్టిపరిచి, చిన్న చిన్న కప్పుల్లో ఇస్తారు. ఒక్క గుటకలో మింగేస్తారు. మస్కట్‌లో పండగ సీజన్లో సత్యదుర్గ ట్రేలకి ట్రేలు చేసింది, ఒక్కటీ రుచి చూడలేదు. ఇవి కుదిరితే దిండి వైపు రిసార్టుల వాళ్ళకీ తన పేరు తెలుస్తుంది, మస్కట్ మాట ఇక ఎత్తక్కర్లేదు. అలా అనుకుని సరేనంది. ఫోన్ పెట్టేశాక గుండెలో దడ మొదలైంది.

ఎందుకంటే సత్యదుర్గ ఇంట్లో మందు అన్న మాటే పలకరు. మామగారు తాగి తాగి పోయాడు. ఆయన పోయిన దగ్గర్నుంచి వీరాయమ్మ ఖాళీ సీసాని కూడా గుమ్మం దాటనివ్వలేదు. దుర్గారావు నలుగురిలోకి వెళ్ళినా, తల్లి మొహం గుర్తొచ్చి గ్లాసు పట్టుకోడు. అలాంటి ఇంటికి బాపిరాజుగారి డ్రైవరు ఒక యాపిల్ పెట్టె తెచ్చి దింపి వెళ్ళాడు. అందులో కాగితాల మధ్య సీసాలున్నాయి. సత్యదుర్గ వాటిని పొయ్యి గట్టు కింద, కేకు గిన్నెల వెనక్కి నెట్టి పాత చీర కప్పింది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, ఎక్సైజు వాళ్ళేమోనని కిటికీలోంచి చూసేది.

"ఆ పెట్టెలో ఏంటమ్మా?" అని వీరాయమ్మ అడగనే అడిగింది.

"పార్టీకి జెల్లీలు చెయ్యమన్నారు అత్తయ్యా. వాటికి సామాన్లు."

"దేంతో చేస్తారవి?"

"పళ్ళరసాలతోనండి."

అది పూర్తిగా అబద్ధం కాదని సత్యదుర్గ తనకి తాను చెప్పుకుంది. పైనాపిల్ రసం ఉంది, నిమ్మరసం ఉంది, కొబ్బరిపాలున్నాయి. మిగిలింది చెప్పలేదు, అంతే. వాసన పట్టేస్తుందన్న భయం కూడా లేదు. కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి వీరాయమ్మకి వాసనలు తెలియడం మానేశాయి. అసలు ఆ సంగతి సత్యదుర్గకి ఎప్పుడూ ఒక బెంగ. గ్యాసు పైపులైను పోయే ఊరు. పొయ్యి వెలిగించే ముందు ఒకసారి గాలి పీల్చి చూసుకోవడం ఆమెకి అలవాటు. అత్తగారికి ఆ కాస్త కాపలా కూడా లేదని, ఆవిణ్ణి ఒంటరిగా వంటింట్లోకి వెళ్ళనిచ్చేది కాదు. ఆ వారం మాత్రం ఆ లోపమే తనకి కలిసొచ్చిందనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

ముందు చేసిన పైనాపిల్ జెల్లీ గట్టిపడలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పొద్దున్నకి చారులా ఊగుతోంది. గట్టిపడడానికి వేసే జెలటిన్ పొడి తక్కువైందేమోనని మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. మస్కట్‌లో ఎప్పుడూ ఇలా కాలేదు. మూడోసారి కూర్చుని ఆలోచిస్తే, అక్కడ వాడింది ముందే మరగబెట్టిన డబ్బా రసమని, ఇక్కడ తను పోసింది పండు పిండిన పచ్చి రసమని తట్టింది. రసాన్ని మరగబెట్టి చల్లార్చి పోసి చూస్తే గట్టిపడింది. మందు కొంచెం ఎక్కువైనా గట్టిపడదు, రసం వేడిగా ఉండగా పోస్తే ఘాటు ఎగిరిపోతుంది. ఆ కొలతలు కుదిరేసరికి ముప్పయ్యో తేదీ వచ్చేసింది. ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని కలిపింది. కొబ్బరిపాలు, పైనాపిల్, తెల్ల రమ్ము కలిపినవి కొన్ని. పుదీనా, నిమ్మకాయలతో పచ్చటివి కొన్ని. కింద ఎరుపు, పైన నారింజ రంగు తేలేవి కొన్ని. ఫ్రిజ్ అరలన్నీ నిండిపోయాయి. కరెంటు పోతే ఏం చెయ్యాలో తెలియక ఆ రాత్రి రెండు మూడు సార్లు లేచి ఫ్రిజ్ మోగుతోందో లేదో విని పడుకుంది.

ముప్పై ఒకటి శనివారం. వీరాయమ్మ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, వారం వారం వెళ్ళి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి వస్తోంది. ఆ రోజు ఆరో వారం. ఎందుకు మొక్కుకుందో ఎవరికీ చెప్పలేదు. మొక్కు రోజున అన్నం ముట్టదు, రెండు పళ్ళు తిని, షుగరు మాత్ర మాత్రం మానకుండా వేసుకుంటుంది. అన్నం తినని రోజు మాత్ర సంగతి డాక్టర్ని అడుగుదామని సత్యదుర్గ చాలాసార్లు అంది. దేవుడి పనిలో ఏమీ కాదని ఆవిడ కొట్టిపారేసేది. తెల్లారకుండా వీధిలో వాళ్ళతో కలిసి వ్యాన్లో వెళితే, మధ్యాహ్నం బాగా దాటాక గానీ తిరిగి రాదు.

ఆ ధైర్యంతోనే సత్యదుర్గ జెల్లీలు తీసుకెళ్ళే పెద్ద పెట్టెలోకి ఐసు కోసం తాటిపాక వెళ్ళింది. పండగ సందడికి ఐసు కొట్టు ముందు జనం. ఆమె వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అత్తగారి చెప్పులున్నాయి.

వంటింట్లోకి వెళ్ళిన సత్యదుర్గ ఐసు సంచి దించబోయి ఆగింది. గట్టు మీద చిన్న కప్పులు కొన్ని శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. ఫ్రిజ్ తీసి చూసింది. కొబ్బరిపాల అరలో ఒక మూల ఖాళీగా ఉంది.

వీరాయమ్మ ముందు గదిలో నులక మంచం మీద కూర్చుని కాళ్ళు రాసుకుంటోంది.

"అత్తయ్యా, ఫ్రిజ్‌లోవి తిన్నారా?"

"తిన్నానమ్మా. ఈ రోజు జనం లేరు, తొందరగా వచ్చేసేం. ఎండన పడి వచ్చేనేమో, కళ్ళు తిరిగినట్టయింది. పళ్ళరసమే కదా, ఉపవాసానికి దోషం లేదని తిన్నాను. చల్లగా హాయిగా ఉన్నాయి. ఆర్డరుకి తక్కువవుతాయా?"

"లేదండి."

పళ్ళరసమని తను చెప్పిన మాట నమ్మి, మొక్కు రోజున, ఖాళీ కడుపున తిన్నది ఈవిడ. పొద్దున్న మాత్ర వేసుకున్నారా అని సత్యదుర్గ అడిగింది. వేసుకున్నానంది. కాస్త అన్నం తినండి అంది. శనివారం కదమ్మా అంది ఆవిడ. అరటిపండు ఒలిచి ఇస్తే కడుపు నిండిపోయిందని పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

సత్యదుర్గ భర్తకి ఫోన్ చేసింది. పంటు ఇంజను రొదలో అతనికి ఏమీ వినబడలేదు. "ఒడ్డుకొచ్చేక చేస్తాను" అని పెట్టేశాడు. సాయంత్రంలోగా రాజోలు చేరాలి. కప్పులు ఐసు పెట్టెలో సర్దుతూ, ఒక్కో వరసకీ లేచి వచ్చి అత్తగారిని చూసి వెళ్ళింది. కాస్త నిద్రపోతే తగ్గిపోతుందిలే అనుకుంది ఒకసారి. మగవాళ్ళు సీసాలు సీసాలు తాగి లేస్తున్నారు, ఇంతలో ఏమవుతుంది అనుకుంది ఇంకోసారి.

నాలుగోసారి వచ్చి చూసినప్పుడు వీరాయమ్మ నుదురంతా చెమట. డిసెంబరు, పైన ఫ్యాను తిరుగుతోంది. జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"అత్తయ్యా. అత్తయ్యా, ఇటు చూడండి."

ఆవిడ కళ్ళు తెరిచింది కానీ కోడల్ని గుర్తుపట్టినట్టు లేదు. "పడవ వెళ్ళిపోయిందా?" అంది. మాట ముద్దగా వచ్చింది.

సత్యదుర్గ పంచదార నీళ్ళు కలిపి చెంచాతో పోసింది. సగం పెదవి పక్క నుంచి కారిపోయింది. పొరబోతుందేమోనని భయపడి ఆపేసి, వీధిలోకి పరిగెత్తింది. నాలుగిళ్ళ అవతల బుల్లబ్బాయి ఆటో తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, ఊళ్ళో అందరికీ బాబాయ్.

"బాబాయ్ గారండి, అత్తయ్యకి బాగోలేదు. రాజోలు ఆసుపత్రికి."

"ఆయ్, పదమ్మా" అని గుడ్డ పడేసి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. జెల్లీల పెట్టె మూత కూడా పెట్టకుండా వదిలేసి, పక్కింటి అమ్మాజీకి తాళం చెయ్యి ఇచ్చింది సత్యదుర్గ. ఫ్రిజ్ తియ్యొద్దు, పిల్లల్ని లోపలికి రానివ్వొద్దు అని రెండుసార్లు చెప్పింది. అమ్మాజీ ఎందుకని అడిగేలోగా ఆటో కదిలింది.

దారంతా వీరాయమ్మ తల కోడలి భుజం మీద ఊగింది. మధ్యలో మాట్లాడింది. ఎవరితో అనుకుందో తెలియదు.

"వెంకన్నబాబుకి చెప్పుకున్నాను. కోడలు మళ్ళీ ఆ దేశం వెళ్ళకూడదని. దానికి చెప్పకు. వెళ్ళాలనుంటే నా వల్ల ఆగిపోకూడదు."

సత్యదుర్గ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడవడానికి కూడా భయం వేసింది. ఏడిస్తే ఆవిడ ఊపిరి చప్పుడు వినబడదు.

ఆసుపత్రిలో డాక్టరు దుర్గాభవాని అని ఒకావిడ, వయసు చిన్నదే. వేలికి సూది గుచ్చి షుగరు చూసి, "బాగా పడిపోయింది" అంది. నర్సు చేతికి గ్లూకోజు సూది పెడుతుంటే, డాక్టరు వరసగా అడిగింది.

"ఏ మాత్ర వాడుతున్నారు? పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"ఉపవాసమండి. పళ్ళు తిన్నారు. తర్వాత..."

"తర్వాత?"

బుల్లబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. వీరాయమ్మ కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఇక్కడ చెబితే ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు.

"మందు కలిపిన జెల్లీలు తిన్నారండి. రమ్ము. పార్టీ కోసం నేను చేసినవి. ఆవిడకి తెలియదండి, నేనే పళ్ళరసమని చెప్పేను."

డాక్టరు ఆమె వైపు ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంది. "చెప్పడం మంచిదైంది. ఖాళీ కడుపు మీద ఈ మాత్రకి మందు తోడైతే షుగరు మళ్ళీ మళ్ళీ పడిపోవచ్చు. ఈ రాత్రికి ఇక్కడే ఉంచాలి" అంది. బుల్లబ్బాయి బయట ఆటోలో కూర్చుంటానని వెళ్ళిపోయాడు.

బల్ల మీద కూర్చున్న సత్యదుర్గ ఫోన్ మోగింది. దుర్గాశ్రీ.

"ఎక్కడున్నారండి? అందరూ వచ్చే టైమవుతోంది."

ఏదో ఒక సాకు చెప్పవచ్చు. ఆటో చెడిందనవచ్చు. ఇంక అలాంటి మాట ఆమె నోటికి రాలేదు. ఆసుపత్రిలో ఉన్నానని, ఎందుకున్నానో మొత్తం చెప్పింది. "అవి మా ఇంట్లో ఉన్నాయండి. కావాలంటే డ్రైవర్ని పంపండి, పక్కింట్లో తాళం ఉంది. వద్దనుకుంటే పారబోసేస్తాను. తీసుకెళితే మాత్రం పిల్లలకి అందని చోట పెట్టండి. పెద్దవాళ్ళు ఎవరైనా షుగరు మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. చూస్తే మిఠాయిలాగే ఉంటాయండి."

"మా మావగారు కూడా షుగరు మాత్రలే వేసుకుంటారు" అంది దుర్గాశ్రీ మెల్లగా. తర్వాత, "మీ అత్తగారిని చూసుకోండి. మేం తెప్పించుకుంటాం" అని పెట్టేసింది.

దుర్గారావు రేవు నుంచి వచ్చేసరికి వీరాయమ్మ కళ్ళు తేటపడ్డాయి. కొడుకుని చూసి, "పని మానేసి ఎందుకొచ్చేవు?" అని అడిగింది. అతను బయటికొచ్చి, భార్య చెప్పిందంతా విన్నాడు.

"నాకైనా చెప్పాల్సింది."

"చెబితే వద్దంటారని చెప్పలేదండి."

"అమ్మకి మాత్రం చెప్పకు. షుగరు పడిపోయింది, అంతే. మొక్కు చెడిందని తెలిస్తే తట్టుకోలేదు."

సత్యదుర్గ తలూపింది. మర్నాడు ఇంటికి తీసుకొచ్చారు. పార్టీ బాగా జరిగిందనీ, జెల్లీలు విడిగా బల్ల మీద పెట్టి మనిషిని కాపలా ఉంచామనీ దుర్గాశ్రీ ఫోన్ చేసింది. ఇంకెవరో అడుగుతున్నారని కూడా అంది. ఆ మాటలేవీ సత్యదుర్గ చెవికెక్కలేదు. అమ్మాజీ గోడ అవతల నుంచి పలకరిస్తే ఉలిక్కిపడేది. బుల్లబ్బాయి ఆటో వీధిలో ఆగితే, అతను ఎవరితో మాట్లాడుతున్నాడో చూసేది. మస్కట్ నుంచి మళ్ళీ ఫోన్ వస్తే, రానండి అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేసింది. ఆ కబురు అత్తగారికి చెబితే సంతోషిస్తుంది. కానీ ఆ ఒక్కటీ చెప్పి, రెండోది దాచడం ఎలాగో తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం వీరాయమ్మ ఏడో వారానికి పసుపు బట్ట ఉతికి ఆరేసింది. తీగ మీద ఆ బట్టని చూసి సత్యదుర్గ ఇంక ఆగలేకపోయింది. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు తిన్నవి పళ్ళరసం ఒక్కటే కాదండి. మందు కలిపేను. మీకు అబద్ధం చెప్పేను."

తిడుతుందనుకుంది సత్యదుర్గ. ఏడుస్తుందనుకుంది. ఆవిడ అడిగింది వేరు.

"మందు సరే. గట్టిపడింది దేంతో?"

ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

"జెలటిన్ అండి. పశువుల ఎముకల్లోంచి, తోళ్ళలోంచి తీస్తారండి."

వీరాయమ్మ లేచి, తీగ మీంచి ఆ తడి బట్ట తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు. మాత్ర వేసుకోకుండా ఉంటే బాగుండునని, వేసుకోకపోతే ఏమవుతుందోనని సత్యదుర్గ తలుపు బయటే కూర్చుంది. దుర్గారావు బతిమాలి పాలు తాగించాడు. భార్యని ఒక్క మాట అనలేదు, ఆమె వైపు చూడనూ లేదు.

మర్నాడు వీరాయమ్మ వాడపల్లి వెళ్ళలేదు. కోడలితో మాట్లాడనూ లేదు. వారమంతా ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు. తర్వాతి శనివారం తెల్లారకుండా లేచి స్నానం చేసి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మళ్ళీ మొదటి నుంచి మొదలెడుతున్నాను. నువ్వూ రావాలి. ఏడు వారాలూ."

"వస్తానండి. మస్కట్ వాళ్ళకి రానని చెప్పేసేను అత్తయ్యా."

వీరాయమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆగింది. తన మొక్కు సంగతి కోడలికి ఎలా తెలిసిందో అడగలేదు. "మాత్ర సంగతి ఆ డాక్టరమ్మని అడిగేవా? ఉపవాసం రోజు వేసుకోవాలా, మానాలా?" అంది.

"అడిగేనండి. ఉపవాసమే వద్దన్నారు. పొద్దున్న ఇడ్లీ తిని వెళ్ళమన్నారు."

"దేవుడికి చెప్పుకుంటాలే" అని ఆవిడ ఇడ్లీ తినడానికి పీట వాల్చుకుని కూర్చుంది.

ఏడు వారాలూ ఇద్దరూ కలిసే వెళ్ళారు. సత్యదుర్గ ఇంట్లో ఇప్పుడు జెలటిన్ డబ్బా లేదు, సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ వాడుతోంది. మందు జెల్లీలు కావాలన్నవాళ్ళకి, మీ ఇంట్లోనే చేసి పెడతాను, మీ ఫ్రిజ్‌లోనే ఉంచుకోండి అంటోంది. కొందరు ఒప్పుకుంటున్నారు, కొందరు ఇంకొకరిని వెతుక్కుంటున్నారు. వీరాయమ్మ ఫ్రిజ్‌లో ఏది కనబడినా ఇందులో ఏముందని అడుగుతుంది. సత్యదుర్గ ఉప్పు, పంచదారలతో సహా అన్నీ చెబుతుంది.

దడ మాత్రం పోలేదు. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తే, పిండి చేతులు తుడుచుకుని వచ్చి, చెమట పట్టిందేమోనని నుదుటి మీద చేతి వెనక వైపుతో తాకి చూస్తుంది. ఒక్కోసారి ఆవిడ కళ్ళు తెరవకుండానే ఆ చెయ్యి పక్కకి తోస్తుంది.

"బానే ఉన్నాన్లే. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, వెళ్ళి చూసుకో."

ఆవిడకి వాసన తెలియదని తెలిసి కూడా, సత్యదుర్గ గబగబా వంటింట్లోకి వెళుతుంది.